గాలి నాలుగు, పెట్రోల్ అయిదు

ఉస్తాద్ పోయారన్న కబురు నాకు టెలిఫోన్ ఎక్స్చేంజ్‌లో డ్యూటీ మీద ఉండగానే వచ్చింది. ఫోన్ చేసింది ఆయన చిన్నల్లుడు. "అక్కా, మామయ్య పొద్దుగాల పోయిండు. చాయ్ తాగి గ్లాసు కింద పెట్టిండు, గంతే. మీ బాపుకు నువ్వే చెప్పు. మాకు నోరు వస్తలేదు" అన్నాడు. ఇన్నేళ్లుగా ఎవరెవరివో చావు కబుర్లు కలిపి ఇచ్చిన దాన్ని. తీగ గుచ్చి, మాట్లాడండి అని చెప్పి పక్కకు తప్పుకోవడమే నా పని. ఈసారి తప్పుకునే వీల్లేదు.

ఇంటికి వెళ్లి చెప్తే బాపు కాసేపు నావైపే చూశాడు. తర్వాత లేచి, "నా ఖాకీ అంగీ యాడ పెట్టినవ్?" అని అమ్మను అడిగాడు. డ్రైవరు పని మానేసి ఏళ్లవుతోంది. అయినా ఆ చొక్కాతోనే ఉస్తాద్‌ను సాగనంపాలనుకున్నాడు.

దబీర్‌పురా వాళ్లకు ఉస్తాద్ గురించి నేను కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. రేకుల షెడ్డు, దాని ముందు ఎప్పుడూ బానెట్ తెరిచి ఉండే ఒకటో రెండో బండ్లు, మోచేతుల దాకా మడిచిన చొక్కా, ముక్కు చివర నిలిచే కళ్లద్దాలు. యుద్ధం రోజుల్లో మిలిటరీ వర్క్‌షాపులో విమానాల ఇంజన్లు విప్పి బిగించిన మనిషి. ఆదివారం చర్చికి, మిగతా ఆరు రోజులూ షెడ్డుకు. పని అయిపోయాక రంపపు పొట్టుతో చేతులు రుద్దుకుని, గోళ్ల సందుల్లో నలుపు పోయేదాకా కడుక్కుని, అప్పుడే చాయ్ గ్లాసు ముట్టుకునేవారు. ఇవన్నీ అందరికీ తెలుసు. నేను చెప్పదలచుకున్నది మా ఇంటి సంగతి. ఒకప్పుడు ఆయన ఒకే ఒక్క మాటతో మా బాపు బతుకుదెరువు తీసేశారు. ఆ తర్వాత ఏం చేశారన్నదే ఈ నాలుగు మాటలూ రాయడానికి కారణం.

అది డెబ్భైల మొదట్లో సంగతి. మేం ఉప్పుగూడలో ఉండేవాళ్లం. నాకు అప్పుడే ఎక్స్చేంజ్‌లో ఉద్యోగం వచ్చింది. బాపు బేగంబజార్‌లో గిన్నెల టోకు వ్యాపారం చేసే ఒక సేఠ్ దగ్గర డ్రైవరు. సేఠ్‌కు ఒక పాత సీమ కారు ఉండేది. ఎవరో నవాబు గారి వారసుల దగ్గర ముచ్చటపడి కొన్నాడు. దాని గొప్పంతా ఇంజన్ పక్కన బిగించిన గాలిపంపులో ఉంది. దాన్నే సూపర్‌చార్జర్ అంటారు. మెకానిక్‌లు బ్లోయర్ అనేవారు. మామూలు ఇంజన్ తనకు కావలసిన గాలి తనే పీల్చుకుంటుంది. ఈ బ్లోయర్ మాత్రం గాలిని బలవంతంగా లోపలికి నెడుతుంది. పెడల్ గట్టిగా తొక్కినప్పుడు సన్నగా ఊళ వేసేది. ఆ ఊళ వినగానే వీధి వీధంతా తలుపుల్లోకి వచ్చి చూసేది. బాపు ఆ బండిని తుడిచే పద్ధతి చూసి అమ్మ నవ్వేది. "మా పెండ్లప్పుడు నా మొకం గూడ గట్ల సూడలే" అనేది.

ఒక దసరా తర్వాత ఆ బండికి రోగం పట్టింది. బజార్లో బాగానే తిరిగేది. చడావ్ ఎక్కేటప్పుడు, అంటే ఎత్తు మీదికి పోయేటప్పుడు, సగం దారిలో టక టక కొట్టుకుని, దగ్గి, చచ్చిపోయేది. ఒకసారి సేఠ్ వియ్యాలవారు బండిలో ఉండగా ఫలక్‌నుమా చడావ్ మీద ఆగిపోయింది. పట్టుచీరల ఆడవాళ్లు దిగి ఎండలో నడిచారు. సేఠ్‌కు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు దుకాణం ముందుకే ఉస్తాద్‌ను పిలిపించాడు. ఆయన ప్లగ్గులు విప్పి చూశారు. సున్నం వేసినట్టు తెల్లగా ఉన్నాయి. ఎక్కడ, ఎప్పుడు, ఎట్లా ఆగింది అని ఎవరినీ అడగలేదు. చేతిలో ఇంకో బండి తొందర ఉందట. "పెట్రోల్ల కల్తీ అయినట్టుంది సేఠ్. గాస్‌నూనె కలిస్తె గిట్లనే కొడుతది" అని వెళ్లిపోయారు.

పెట్రోల్ పోయించేది బాపు. ఇంక సేఠ్‌కు వేరే రుజువు అక్కర్లేకపోయింది. పెట్రోల్ అమ్ముకుని కిరోసిన్ పోస్తున్నాడని మెట్ల మీదే, హమాలీలూ గిరాకీలూ చూస్తుండగా, బాపు చేతిలోంచి తాళం చెవి లాక్కున్నాడు. "దసరా ముందు ఇంజన్ తల విప్పిన కాడికెల్లి గిట్లనే చేస్తుంది సేఠ్, జర నా మాట విను" అని బాపు అంటూనే ఉన్నాడట. వినలేదు. పదహారేళ్ల కొలువు ఆ పూటతో పోయింది.

ఆ కబురు బాపు కన్నా ముందే ఉప్పుగూడ చేరింది. కిరాణా కొట్టాయన అమ్మతో, "మీకేం ఫికర్ వదినా, ఇంట్ల గాస్‌నూనెకు కరువుండదు" అన్నాడు. అందరూ నవ్వారు. అమ్మ ఆ రోజు ఉప్పు కొనకుండానే వచ్చేసింది. బాపు బయటికి రావడం మానేశాడు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఇంకెక్కడైనా పని చూసుకోమని నేనంటే, "దొంగ డ్రైవర్‌కు బండి ఎవడిస్తడు బిడ్డా" అన్నాడు. అరవలేదు, ఏడవలేదు. మామూలు గొంతుతోనే అన్నాడు. నాకు ఆ మామూలు గొంతు వింటేనే భయం వేసింది.

నా వారం సెలవు రోజున ఎవరికీ చెప్పకుండా దబీర్‌పురా వెళ్లాను. అడుగుతూ పోతే షెడ్డు దొరికింది. ఉస్తాద్ ఒక వ్యాను కింద పడుకుని ఉన్నారు. కాళ్లు మాత్రమే కనబడుతున్నాయి. ఆ కాళ్లతోనే మాట్లాడటం మొదలుపెట్టాను.

"సేఠ్ డ్రైవర్ బిడ్డను నేను. మీరు పెట్రోల్ వాసన చూసి చెప్పిన్రా, ఉత్తగనే చెప్పిన్రా?"

ఆయన బయటికి జరిగి లేచి కూర్చున్నారు. 

"పెట్రోల్ల గాస్‌నూనె ఉంటె బజార్ల గూడ ఆగాలె గద? చడావ్ మీదనే ఎందుకు ఆగుతుంది? గీ ఒక్క ముచ్చట మా బాపును అడిగినా చెప్తుండె. మీరు అడగలే."

 తిడతారనుకున్నాను. ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడిచారు.

"బిడ్డా, గీ మాట నాకు తట్టాలె. నలభై ఏండ్ల సంది గిదే పని చేస్తున్న. నాకు తట్టలే, నీకు తట్టింది" అన్నారు. తర్వాత, "మీ ఇల్లు యాడ?" అని అడిగారు.

ఆ సాయంత్రమే ఆయన సేఠ్ దగ్గరికి వెళ్లి ఒక్క రోజుకు బండి అడిగారు. ఈలోగా సేఠ్ వాళ్లు వేరే గ్యారేజీలో బండికి కొత్త పెట్రోల్ పంపు వేయించారట. సేఠ్ కొడుకు తనే దగ్గరుండి వేరే బంకులో పెట్రోల్ పోయించాడట. అయినా చడావ్ మీద అదే దగ్గు. దానికీ సేఠ్ బాపునే తిట్టుకుంటున్నాడు, అప్పటికే ఇంజన్ పాడు చేసి పోయాడని. బండి తీసుకుపొమ్మన్నాడు.

మర్నాడు పొద్దున ఉస్తాద్ మా గుమ్మంలోకి వచ్చారు. బాపు గోడవైపే తిరిగి ఉన్నాడు.

"అన్నా, బండి తెచ్చిన. దాని నాడి నీకే తెలుసు. నువ్వు నడపాలె, నేను సూడాలె."

"దొంగతోటి బండి నడిపిస్తవా ఉస్తాద్?" అన్నాడు బాపు, ఇటు తిరక్కుండానే.

 ఉస్తాద్ గడప మీద అట్లాగే కూర్చున్నారు. వీధిలో పోయేవాళ్లు చూస్తున్నారు. అమ్మ చాయ్ ఇచ్చింది. తాగి గ్లాసు పక్కన పెట్టి మళ్లీ కూర్చున్నారు. ఎంతసేపని చెప్పను, అమ్మ బియ్యం ఏరి, కడిగి, పొయ్యి మీద పెట్టి, అన్నం వార్చింది. అప్పుడు బాపు లేచి ఖాకీ చొక్కా తొడుక్కున్నాడు. ఆ పూట డ్యూటీకి సెలవు పెట్టి నేనూ వాళ్ల వెంట వెళ్లాను.

షెడ్డులో ఉస్తాద్ పంపుకూ కార్బొరేటర్‌కూ నడుమ పెట్రోల్ గొట్టంలో ఒక గేజీ బిగించారు. పెట్రోల్ ఎంత జోరుతో వస్తోందో ఆ గేజీ ముల్లు చెప్తుంది. ఇంజన్ స్టార్ట్ చేస్తే ముల్లు అయిదు దగ్గర నిలిచింది. రేసు చేసినా అయిదే. "అంత మంచిగనే ఉంది గద" అన్నాను.

"అందరు గీడనే ఆగిన్రు. నిలబడ్డ బండికి రోగం కనబడది. బరువు పడాలె" అన్నారాయన.

పొడుగాటి రబ్బరు గొట్టం వేసి గేజీని ముందు అద్దానికి బయటివైపు తాళ్లతో కట్టారు. పెట్రోల్ గొట్టం మనుషులు కూర్చునే చోటికి రానివ్వకూడదట. దాని పక్కనే ఇంకో గేజీ, బ్లోయర్ నెట్టే గాలి జోరు చూపించేది. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టారు. "నువ్వు టెలిఫోన్ల నంబర్లు చదివే పిల్లవు. ముల్లు యాడుంటె గదే చెప్పు. నీకు అనిపించింది చెప్పకు, కనబడింది చెప్పు." ఆయన వెనక సీట్లో మోకాళ్ల మీద వంగి కూర్చుని, ఇంజన్ చప్పుడు వింటూ వచ్చారు.

ఫలక్‌నుమా చడావ్ మొదలైంది. బాపు పెడల్ తొక్కాడు. బ్లోయర్ ఊళ అందుకుంది.

"గాలి ఒకటి, పెట్రోల్ అయిదు" అన్నాను. "గాలి రెండు, పెట్రోల్ అయిదు. గాలి మూడు, పెట్రోల్ అయిదు."

"తొక్కు అన్నా."

"గాలి నాలుగు, పెట్రోల్ అయిదు."

ఇంజన్ టక టక కొట్టుకుంది, దగ్గింది. "పెడల్ తియ్యి! తియ్యి! పిస్టన్ కాలుతది!" అని ఉస్తాద్ అరిచారు. బండి ఆగింది. బాపు స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి కళ్లు మూసుకున్నాడు. వెనక నుంచి ఉస్తాద్ గొంతు వినబడింది.

"కల్తీ కాదు. గాస్‌నూనె కాదు. పెట్రోల్ అందుతలేదు."

రోడ్డు పక్కన నిలబడి నాకు విడమరిచి చెప్పారు. ఈ బండిలో బ్లోయర్ గాలి కార్బొరేటర్‌లోకే పోతుంది. అక్కడ పెట్రోల్ నిలిచే చిన్న గిన్నెలో కూడా ఆ గాలే నిండి ఉంటుంది. "లోపలికెల్లి ఒకడు తలుపు నెట్టి పట్టుకున్నడనుకో. బయట ఉన్నోడు వానికంటె మస్తు జోరుగ నెడితేనే తలుపు తెరుసుకుంటది. గాలి పెరుగుతుంటె పెట్రోల్ జోరు గూడ పెరగాలె. ఇది అయిదు కాడనే నిలబడ్డది." పెట్రోల్ తగ్గి గాలి ఎక్కువైతే ఇంజన్ వేడెక్కి కొట్టుకుంటుంది, ప్లగ్గులు తెల్లబడతాయి. కల్తీ పెట్రోల్ కొట్టినట్టే ఉంటుంది. తను మోసపోయింది అక్కడేనన్నారు.

పెట్రోల్ జోరు పెంచడానికి బ్లోయర్ నుంచి పంపు వెనక్కి సన్నటి రాగి పైపు ఒకటి ఉంటుంది. కొంచెం గాలిని తెచ్చి పంపుకు దన్నుగా నిలిపేది అదే. ఉస్తాద్ బానెట్ ఎత్తి ఆ పైపు వెంట వేలితో తడుముకుంటూ పోయారు. ఒక పట్టీ కింద వేలు ఆగింది. పట్టీ విప్పారు. కింద పైపు నలిగి, రేకులా చదునై ఉంది. ఒక కొస నోట్లో పెట్టుకుని ఊదారు. గాలి పోలేదు.

ఆయన ఆ పైపు వైపు చూస్తూ ఉండిపోయారు. బాపూ చూశాడు. ఇద్దరికీ ఒకేసారి తట్టింది. దసరా ముందు ఇంజన్ తల విప్పి, మళ్లీ బిగించింది ఉస్తాదే. ఆ పట్టీ బిగించిన పానా ఆయనదే.

"అన్నా, గిది నా చెయ్యి" అన్నారు.

బాపు బానెట్ దించి మళ్లీ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

షెడ్డుకు వెళ్లి కొత్త రాగి పైపు వేశారు. మళ్లీ అదే చడావ్. "గాలి నాలుగు, పెట్రోల్ తొమ్మిది. గాలి అయిదు, పెట్రోల్ పది" అని చెప్తుంటే నా గొంతు నాకే వింతగా వినిపించింది. బండి ఊళ వేసుకుంటూ పైదాకా వెళ్లింది. నేను చప్పట్లు కొట్టాను. ఉస్తాద్ మాత్రం కొత్త పైపు విప్పి నలిగిన పైపే మళ్లీ పెట్టారు. బండి మళ్లీ నాలుగు దగ్గరే చచ్చింది. "నలిగింది తీస్తె రోగం పోవాలె, పెడితె రావాలె. రెండు దిక్కుల సూసినంకనే నమ్మాలె" అన్నారు. ముందు అట్లా చూడకే ఇంత పని జరిగిందని ఆయన ముఖంలో కనబడుతూనే ఉంది.

కొత్త పైపు వేసి, ఏదో చిన్న లోపమని చెప్పి బండి అప్పగిస్తే అక్కడితో అయిపోయేది. సేఠ్‌కు రాగి పైపు సంగతి ఏం తెలుసు? బాపు మీది మచ్చ కూడా ఎట్లాగో తుడుచుకుపోయేది. ఉస్తాద్ కొత్త పైపు మళ్లీ బిగించి, బండిని నేరుగా బేగంబజార్ పోనిమ్మన్నారు. దుకాణం నిండా గిరాకీ. సేఠ్ గద్దె మీద ఉన్నాడు. ఉస్తాద్ మెట్ల మీద నిలబడి బండి తాళం చెవీ, నలిగిన పైపూ సేఠ్ చేతికిచ్చారు.

"ఊదు సేఠ్."

సేఠ్ ఊదాడు. ముఖం ఎర్రబడింది తప్ప గాలి పోలేదు.

"గిదే నీ బండి రోగం. దీన్ని నలిపింది నా పానా. పెట్రోల్ల కల్తీ అన్నది నా నోరు. నీ డ్రైవర్ ఏ తప్పు చెయ్యలే. తప్పు నాది."

హమాలీలు మూటలు దించి చూస్తున్నారు. సేఠ్‌కు ఇబ్బందిగా ఉంది. "జానే దో ఉస్తాద్, పోనీలే, లోపలికి రా, లోపల మాట్లాడుకుందాం" అన్నాడు.

"లోపల వద్దు సేఠ్. ఆ దినం గీ మెట్ల మీదనే చెప్పిన. గీడనే చెప్త" అని, అదే మాట ఇంకోసారి, ఇంకొంచెం గట్టిగా చెప్పారు.

సేఠ్ తాళం చెవి బాపు ముందుకు చాచాడు. బాపు వెంటనే తీసుకోలేదు. "ఒక్కసారి మా గల్లీకి రావాలె సేఠ్. మా ఇంట్ల చాయ్ తాగాలె. గంతే" అన్నాడు. ఆ సాయంత్రం ఆ పెద్ద కారు ఉప్పుగూడ సందులో పట్టక పట్టక వచ్చింది. సేఠ్ మా పీట మీద కూర్చుని చాయ్ తాగాడు. కిరాణా కొట్టాయన మా గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. అమ్మ ఆయనకూ ఒక గ్లాసు ఇచ్చింది. ఉస్తాద్‌ను కూడా రమ్మంటే రాలేదు. "అది మీ దినం" అన్నారట.

ఆయనకు మాత్రం ఆ రోజు ఊరికే పోలేదు. తన తప్పు తనే చెప్పుకున్న మెకానిక్‌కు బండి ఎవరిస్తారు? సేఠ్ మిగతా బండ్లు వేరే గ్యారేజీకి పంపాడు. సేఠ్‌ను చూసి ఇంకో ఇద్దరు వ్యాపారులూ అదే చేశారు. కొన్నాళ్లు షెడ్డు ముందు ఖాళీగా ఉండేది. ఉస్తాద్ భార్య చాలా కాలం తర్వాత ఈ మాట నాతో చెప్పింది. "నేను లొల్లి చేసిన బిడ్డా. ఏమంటడు? 'ఆ పిల్ల కండ్లు సూసినవా నువ్వు' అంటడు."

బాపు కూడా అంత తొందరగా కరగలేదు. దారిలో ఎదురైతే తల ఊపేవాడు, అంతే. ఏడాది పైనే అట్లా గడిచింది. ఉస్తాద్ ఒక్కసారి కూడా మాఫీ చెయ్యమని అడగలేదు. అడిగితే బాపు లేదనలేడని ఆయనకు తెలుసు. అందుకే అడగలేదని నా నమ్మకం. ఒక రోజు బాపు తనంతట తనే బండిని దబీర్‌పురా తిప్పి, షెడ్డు ముందు ఆపి, "ఉస్తాద్, బ్రేకు జర సూస్తవా?" అన్నాడట. ఆ రాత్రి అన్నం దగ్గర అమ్మకు ఈ మాట చెప్తూ రెండుసార్లు నవ్వాడు. ఆ తర్వాత వాళ్లిద్దరి ఆదివారం మధ్యాహ్నాలు షెడ్డులోనే. సేఠ్ బండ్లూ ఒక్కొక్కటే మళ్లీ అక్కడికే వచ్చాయి.

ఉస్తాద్ పని పద్ధతి మారింది. షెడ్డులో ఒక మంచి కుర్చీ వేయించారు. అది బండి యజమానికి కాదు, డ్రైవర్‌కు. అతను కూర్చుని బండి ఎక్కడ, ఎప్పుడు, ఎప్పట్నుంచి మొరాయిస్తోందో చెప్పాలి. ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు తలుపు మీద సుద్దతో రాసేవారు. తర్వాతే పానా. "ముందుగల డ్రైవర్ చెప్పాలె, తర్వాత ఇంజన్ చెప్పాలె. నేను ఆఖరికి" అనేవారు. నేను ఎక్స్చేంజ్‌లో కొత్తవాళ్లకు పని నేర్పేటప్పుడు, అనిపించింది చెప్పకండి, వినబడింది చెప్పండి అంటుంటాను. అది ఎవరి మాటో వాళ్లకు తెలియదు.

నిన్న మధ్యాహ్నం ఆయన్ను మట్టి చేశాం. పాస్టరు గారి ప్రార్థన అయ్యాక అందరితో పాటు బాపు కూడా వంగి పిడికెడు మట్టి తీశాడు. అందరూ వేశారు. బాపు సగమే వేసి, మిగతాది పిడికిట్లోనే ఉంచుకున్నాడు. తిరుగు దారిలో ఆటో ఎక్కనన్నాడు. నడిచాం. ఉప్పుగూడ రైల్వే గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు పడింది. గూడ్సు బండి ఒకటి చాలాసేపు పోయింది, డబ్బా వెనక డబ్బా. గేటు లేచింది. అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు, సైకిళ్లూ రిక్షాలూ మమ్మల్ని తప్పించుకుంటూ పోతున్నాయి. బాపు కదల్లేదు. మూసిన పిడికిలి గుండెకు ఆనించుకుని, పట్టాల వైపు చూస్తూ, ఎండలో అట్లాగే నిలబడి ఉన్నాడు. వేళ్ల సందుల్లోంచి మట్టి కొంచెం కొంచెంగా ఆయన ఖాకీ చొక్కా మీదికి రాలుతోంది.